కాళ్లు కడిగిన చేతులు

యేసు తన శిష్యుల కాళ్లు కడిగినందుకు గుర్తుగా పాస్టరు ఒకరి కాళ్లు కడిగే పవిత్ర గురువారం ఆరాధన భవానీపురం చర్చిలో ముగిసింది. పక్కగదిలో పాస్టరు చేతులకి మళ్లీ మళ్లీ సబ్బు రుద్దుకుంటుంటే, అతని భార్య తువ్వాలు పట్టుకుని నిలబడింది.

“ఎంతసేపు రుద్దుతారండీ? తోలూడొస్తుంది.”

“చర్చి ఊడ్చే మనిషి కాళ్లు పట్టుకున్నాను. కడుక్కోవద్దా?”

“మీరు ముట్టుకోకముందే రాహేలమ్మ చేత కుళాయి దగ్గర కాళ్లు తోమించారుగా.”

“శుభ్రంగా ఉండమంటే తప్పేంటి?”

“అందరూ చూస్తుండగా తోమించారు. పెద్దావిడ తలెత్తలేకపోయింది. పైగా వీడియోలో మీ మొహం సరిగ్గా పడలేదని మళ్లీ కూర్చోబెట్టి కడిగారు.”

“ఆన్‌లైన్‌లో చూసేవాళ్లకి తగ్గించుకోవడం అంటే ఏంటో తెలియాలి కదా. ఇవాళ్టి వాక్యమూ అదేగా. దేవుడికంటే ఎత్తులో కూర్చోవాలనుకున్నాడు లూసిఫర్. ఆ గర్వానికే పరలోకం నుంచి కిందపడి సాతానయ్యాడు. అది చెబుతుంటే ఎంతమంది ఏడ్చారో చూళ్లేదా?”

“చూశాను. ఎవరెవరు ఏడుస్తున్నారో మీరు ఓరకంట చూసుకోవడమూ చూశాను.”

“సర్లే. తువ్వాలివ్వు. అది కాదు, అది ఆమె కాళ్లు తుడిచిన తువ్వాలు.”

ఆవిడ ఆ తువ్వాలే చాచి పట్టుకుంది. అతను అందుకోలేదు.

“అంటే ఏంటి, నాకూ గర్వమనా? నన్ను సాతానుతో పోలుస్తున్నావా?”

“లేదండీ. వాడు వంగనన్నాడు, వంగలేదు. వంగినట్టు వీడియో తీయించుకోలేదు.”