రోదినా సమాధి దగ్గర

సిసిలీ తీరాన ఒక చిన్న ఊరు. క్రైస్తవులను చంపే రోజులు పోయి ముప్పై ఏళ్లు కావస్తోంది. ఆ రోజుల్లో మతం వదలనందుకు చంపేసిన రోదినా అనే అమ్మాయి సమాధి దగ్గర దీపాలు తుడుస్తున్న ముసలావిడతో, కుంటుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన మాట్లాడుతున్నాడు.

"ఆ దీపం నూనె అటుంచమ్మా. గొంతునొప్పికి కాదు నేనొచ్చింది."

"మరెందుకు నాయనా? ఇక్కడికి గొంతు బాగోలేనివాళ్లే వస్తారు. మెడ మీద కత్తి పడ్డ తల్లి కదా, గొంతు సంగతి ఆమెకే తెలుస్తుందని."

"ఒక్కసారి కాదు. మూడుసార్లు."

"ఒక్క వేటుకే తెగిందని పాటలో ఉంది."

"పాట కట్టినవాడు చూశాడా?"

"నువ్వు చూశావా?"

"అది కాదమ్మా, నేననేది..."

"నిన్నే అడుగుతున్నా. చూశావా?"

"కత్తి నా చేతిలోనే ఉంది."

"కూర్చో. అక్కడ తడిగా ఉంది, ఇటొచ్చి కూర్చో."

"తరిమేస్తావనుకున్నా."

"కూర్చోమన్నాగా. పేరేంటి?"

"గావియస్. అప్పుడు పాతికేళ్లు. జైలు కాపలా ఉద్యోగం. పై అధికారి ఏం చెబితే అది చెయ్యడమే."

"ఏం చెప్పాడు?"

"ఏముంది, చక్రవర్తే దేవుడని ఒప్పుకుంటూ ఆయన బొమ్మ ముందు చిటికెడు సాంబ్రాణి వెయ్యమన్నాడు. వేస్తే ఇంటికి పోవచ్చు. ఆ పొద్దున ఊరంతా వరసలో నిలబడి వేసిపోయింది. ఈ పిల్ల వెయ్యనంది."

"పంతొమ్మిదేళ్లు."

"అంతే ఉంటాయి. వలలు అల్లే చేతులు, వేళ్ల నిండా కోతలు. ఆ చేతిలో నేనే సాంబ్రాణి పెట్టి నిప్పు మీదికి లాగా. పిడికిలి బిగించేసింది. బిగిస్తే..."

"బిగిస్తే?"

"వద్దులేమ్మా."

"చెప్పడానికేగా ఇంతదూరం వచ్చావు."

"వేళ్లు విరిచా. ఒక్కొక్కటే. అయినా వెయ్యలేదు. తర్వాత ఇనప కొక్కేలతో డొక్కలు చీల్చమన్నారు. ఆ తర్వాత కాగడాలు."

"నిప్పు చల్లబడిపోయిందంటారు."

"ఎక్కడ చల్లబడిందమ్మా? కాల్చింది. ఆ వాసన మూడు రోజులు నా జుట్టులోంచి పోలేదు."

"నవ్వుతూ పాడిందని కూడా అంటారు."

"అరిచింది. పక్కవాడు చెవులు మూసుకున్నాడు, అంతలా అరిచింది. మధ్యమధ్యలో 'వేస్తావా' అని అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపేది. నవ్వుతూ చచ్చిపోయి ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి. అంత నొప్పి పడుతూ కూడా వద్దంది చూడు, అదే నన్ను ముద్ద మింగనివ్వదు."

"కత్తి సంగతి చెప్పు."

"మొదటి వేటు భుజం మీద పడింది. రెండోది మెడలో సగం దిగి ఎముకలో ఇరుక్కుంది. కాలితో తొక్కిపట్టి లాగాల్సొచ్చింది. మూడోదానికి గానీ..."

"ఏమైనా అందా?"

"మొదటి వేటు పడ్డాక అంది. దేవుణ్ణి పిలుస్తుందనుకున్నా. 'అమ్మా' అంది. జనం వైపు చూస్తూ, రెండుసార్లు."

"నాలుగుసార్లు."

"ఏంటి?"

"నాలుగుసార్లు పిలిచింది."

"నువ్వు... నువ్వప్పుడు అక్కడున్నావా?"

"నువ్వు క్షమించమని అడగడానికి వచ్చావు కదూ, గావియస్?"

"అవునమ్మా. బిషప్పుగారి దగ్గరకెళితే, నన్ను కాదు, వెళ్లి ఆమెనే అడుగు అన్నారు. రోజూ ఇక్కడే ఉంటావు కదా, నువ్వు చెప్పు. అడిగితే వింటుందా?"

"తెలీదు నాయనా. ముప్పై ఏళ్లుగా నేనూ అదే అడుగుతున్నా."

"నీకెందుకమ్మా క్షమాపణ? నువ్వేం చేశావు?"

"పొద్దున్నే సాంబ్రాణి వేసొచ్చి ఆ జనంలో నిలబడ్డా. అది పిలిచింది నన్నే. నేను పలకలేదు."