ఏడు చోట్ల తిప్పయ్య

తలకాయలో గడ్డ కోసే డాక్టరుకు వేరుశనగ సేద్యం నేర్పించినోన్ని నేను, అంటే మీరు నమ్మరు. నమ్మొద్దులేప్పా. బెంగళూరు బండి రావాలంటే ఇంకా గంట పడుతుందంట. ఆ గంటసేపు ఊరికే పట్టాలు చూస్తా కూర్చుంటారా, నా మాట వింటారా?

"చెప్పు పెద్దాయనా," అన్నాడు వీరప్ప. అనంతపురం స్టేషన్లో టీ అంగడి ఆయనదే. పక్కన గుంతకల్లు శ్రీరంగప్ప, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనాయన, టీ ఊదుకుంటా నిలబడినాడు. మా ఇంటిది సుంకమ్మ అవతల సిమెంటు బల్ల మీద, కొంగు తల నిండా కప్పుకొని, మూట ఒళ్ళో పెట్టుకొని కూర్చోనుండాది.

ఇదో, ఈ జాబు చూడండి. బెంగళూరు పెద్దాసుపత్రి నుంచి వచ్చింది. మళ్ళీ వచ్చి సంతకం పెట్టాలంట. అంతవరకు ఆ గడ్డ ఏ రకమో తేల్చరంట, మందు మొదలుపెట్టరంట. నాకు రాస్తారా ఈ మాట? శింగనమల తిప్పయ్యకు? ఒకసారి పెట్టిన సంతకం మళ్ళీ ఎందుకు పెట్టాల? వానకు కరిగిపోయిందా? కరిగేదానికి మన జిల్లాలో వాన యాడ పడిందప్పా? ఈ జాబు వాళ్ళ ముందరే పడేసి, పెట్టను పో అని చెప్పి, తిరుగు బండికి వచ్చేస్తా.

"మరి మందు?" అన్నాడు వీరప్ప.

మందు వాళ్ళే ఇంటికి తెచ్చిస్తారు. ఎందుకో వినండి. ఆపరేషన్ పొద్దు ఒక గుమాస్తా, మీసాలు కూడా సరిగ్గా రాలేదు వానికి, నా తలగుడ్డ చూసి, ఒక్క మాట అడక్కుండానే సిరా డబ్బీ నా ముందుకు తోసినాడు. వేలు పెట్టు తాతా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అరవై దాటినంక, పగలంతా మడక తోలి, రాత్రి బడికి పోయి, అక్షరాలు దిద్దినోన్ని. ఆ డబ్బీని ఒక్క తోపు తోసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది ఎగిరి గోడకు తగిలి, గోడ మీదున్న పెద్ద డాక్టరు ఫొటోకు సరిగ్గా నుదుటి మీద బొట్టు పడింది! గుమాస్తా చేతిలోని పెన్ను లాక్కున్నా. కాగితంలో యాడ ఖాళీ గీత కనపడితే ఆడ తిప్పయ్య, తిప్పయ్య, తిప్పయ్య. ఏడు చోట్ల. అచ్చు గుద్దినట్టు.

"ఏడు సంతకాల కాగితం ఏంది నాయనా, ఇల్లు రాసిచ్చినావా?" అన్నాడు శ్రీరంగప్ప.

పరిశోధన కాగితం అది. తల తెరవకముందు మిషన్లో పండబెట్టి గడ్డకు ఫొటోలు తీస్తారు. తెరిచినంక చిన్న ముక్క తీసి, జీన్లు అంటారు, దాని వంశం చూస్తారు. ఫొటోలు చూసేవాళ్ళు ఒక ఊర్లో, ముక్కలు చూసేవాళ్ళు ఇంకో ఊర్లో. ఇద్దరూ కలిసి సరిచూసుకుంటే, రేపు ఇంకొకరికి తల తెరవకుండానే, ఒట్టి ఫొటో చూసి గడ్డ ఏ వంశందో, ఏ మందుకు లొంగుతుందో చెప్పొచ్చంట. దానికి రోగి ఒప్పుకొని సంతకం పెట్టాల. ఈ ఆలోచన ఎవరిది అనుకున్నారు?

"నీదేనా ఏంది?" అన్నాడు వీరప్ప.

ఇంకెవరిది? డాక్టరును దగ్గరికి పిలిచినా. అయ్యా, మా చేన్లో వేరుశనగ చెట్టు పీకకుండానే, పైన ఆకు రంగు చూసి, మచ్చ చూసి, కింద కాయ గట్టిదో లొట్టదో చెప్తాము. మీరు ఒకరు ఆకు చూస్తాండారు, ఒకరు కాయ చూస్తాండారు, ఇద్దరూ ఒకే గట్టు మీద కూర్చోని చూసుకోరేమి, అన్నా. ఆయన అట్లే కుర్చీలో కూలబడిపోయినాడు. ఇన్నేండ్లు చదివి ఏం లాభం తిప్పయ్యా అన్నాడు.

"ఇది మత్తు ఇచ్చినంకనా, ఇయ్యకముందా?" అన్నాడు శ్రీరంగప్ప.

నాకు మత్తు ఎక్కితే కదప్పా! మూడు సీసాలు ఎక్కించినారు, నాలుగోది ఎక్కించే డాక్టరే నిద్రపోయినాడు. తల తెరిచి కోస్తాంటే నేను చెప్తానే ఉండా, ఎడమపక్కకు రాప్పా, ఆ నరం జోలికి పోవద్దు అని.

"తలగుడ్డ తీసి ఆ కుట్లు ఒకసారి చూపించరాదా?" అన్నాడు శ్రీరంగప్ప.

ప్లాట్‌ఫారం మీద చూపించేటివా అవి? ఎండ తగలకూడదు. గమ్మున విను. నా ఫొటోను గోడంత తెర మీద వేసినారు. అందులో ఏం కనపడిందో తెలుసా? శింగనమల చెరువు! కట్ట, తూము, అలుగు, అంతా అట్లే.

"నీళ్ళుండాయా?" అన్నాడు వీరప్ప.

అలుగు పారుతాండాది.

వీరప్ప గ్లాసులు కడిగేది నిలిపి, "పోనీలే, తలకాయలోనన్నా పారనీ," అన్నాడు.

ఇంగ ముక్క సంగతి. దాన్ని ఐసు పెట్టెలో పెట్టి విమానం ఎక్కించినారు. పెట్టెకు కిటికీ పక్క సీటు. ఏడు దేశాల డాక్టర్లు దిగి, ఏడు వందల మంది గడ్డల మధ్య నా గడ్డ పెట్టి చూసినారు. అందరివీ ఫొటోకు, ముక్కకు జత కుదిరినాయి. నాది ఒక్కటే కుదరలేదు! ఇట్లాంటిది లోకంలోనే లేదని వాళ్ళంతా తలలు పట్టుకొని కూర్చున్నారు. అట్లాంటి గడ్డ ఇచ్చినోన్ని పట్టుకొని, నీ సంతకం సరిగ్గా లేదు, మళ్ళీ రా అంటారా? పూలదండ పట్టుకొని శింగనమలకు రావాల్సినోళ్ళు జాబు రాస్తారా? ఇది మర్యాదేనా? మీరే చెప్పండప్పా!

"యాడ కుదురుతుంది?"

సుంకమ్మ గొంతు అది. బల్ల మీద నుంచి తల కూడా ఎత్తలేదు.

"గడ్డ నాది. పేరు నీది."

లేచి వచ్చి, అంగడి ముందు నిలబడి, కొంగు కిందికి దించింది. గొరిగిన తల మీద వెంట్రుకలు ఇంకా వేలెడు రాలేదు. చెవి పైనుంచి వెనక్కు, కొడవలి వంపుగా కుట్ల గుర్తు. వీరప్ప చేతిలో గ్లాసు కింద పెట్టేసినాడు.

"మా ఊరి ఎస్టీడీ బూత్‌కు ఫోను చేసి ఆసుపత్రి నర్సమ్మ నాకు అంతా చెప్పిందన్నా," అంది శ్రీరంగప్పతో. "ఫొటోల మీద సుంకమ్మ అని ఉండాదంట. ఐసు పెట్టె మీద తిప్పయ్య అని ఉండాదంట. పైన మగాయన పేరు, లోపల చూస్తే ఆడమనిషి ముక్క. ఇది ఎవరిదమ్మా అని అడిగింది. నేనేం చెప్పేది? నా పేరు రాయాల్సిన కాడ కూడా ఈయప్ప తన పేరే రాసినాడు. వద్దని చెప్పేదానికి నన్ను అప్పటికే చక్రాల బండి మీద పండబెట్టి లోపలికి తోసుకొని పోయినారు."

"ఏడు దేశాల డాక్టర్లకు జత కుదరంది ఇదేనా!" అని శ్రీరంగప్ప ఒకటే నవ్వు.

నవ్వొద్దప్పా, అన్నా. నాది కాదా అది? ఆయమ్మ తలలో ఉంటే, ఆరు నెలలు నాకు కంటిమీద కునుకు పడిందా? అడుగు ఆయమ్మనే.

సుంకమ్మ నా వైపు చూసింది. "పడలేదు. అది నిజమే," అంది. "కానీ మందు నాకు పడాల కదా."

నేను తలగుడ్డ సరిచేసుకొని, సరే పెడతాలే, సుంకమ్మ అని నేనే రాస్తా, ఎంతలో పని, అన్నా.

"నువ్వు రాసేది కాదు. రోగి పెట్టాలని ఆ జాబులోనే ఉండాది కదా."

నీకు యాడ వస్తుందే? నా పెండ్లామయ్యుండి ఆ గుమాస్తా ముందర సిరా డబ్బీలో వేలు పెడతావా?

"రాత్రి బడికి నేనూ వస్తా అంటే, సంగటి ఎవరు చేస్తారంటివి. ఇంటికొచ్చి నువ్వు దిద్దుతాంటే మూడు నెలలు లాంతరు పట్టుకున్నది ఎవరు?"

నా చేతిలోని జాబు తీసుకుంది. దాన్ని బోర్లించి వీరప్ప బల్ల మీద పెట్టింది. వీరప్ప చెవి సందున్న పెన్సిల్ అడిగి తీసుకొని, కుడిపక్క నుంచి మొదలుపెట్టి ఎడమపక్కకు రాసింది. చూస్తే అక్షరాలన్నీ తలకిందులు.

ఇదేం రాతే, అన్నా.

"నువ్వు నాకు ఎదురుగా కూర్చోని దిద్దుతాంటివి. నాకు కనపడింది ఇట్లే."

బల్లకు అవతలున్న వీరప్ప వంగి, వేలు పెట్టుకొని, ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదివినాడు. "సుంకమ్మ."

బండి వస్తాందని గంట కొట్టినారు. నేను ఊరికే ఒప్పుకునేవాన్ని కాదు. తలకిందుల సంతకం యాడా చెల్లదు, అన్నా.

శ్రీరంగప్ప మా మూట ఎత్తి సుంకమ్మ చేతికిచ్చినాడు.

"డాక్టరు బల్లకు అవతల కూర్చుంటాడు కదప్పా," అన్నాడు. "ఆయనకు సరిగ్గానే కనపడుతుంది. పా, బండెక్కు."