పడమటి కణాలు

1988 ఆగస్టు 16వ తేదీ ఉదయం పది గంటలకు మా వికిరణ మాపన విభాగంలో ఈ వ్యాసకర్త చేరాడు. పదకొండు గంటలకు, నేడు పదవీ విరమణ చేస్తున్న మా విభాగాధిపతి గారు చేరారు. ఆ గంట సీనియారిటీని అతడు ఈనాటికీ మరచిపోలేదు.

భూమి చుట్టూ తిరిగే నౌకలో వ్యోమగాములకు ఎంత వికిరణం తగులుతోందో కొలిస్తే చాలని అందరూ భావించిన రోజుల్లో, కణాలు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో తెలియకుండా ఏ గోడకు రక్షణ పెంచగలమని ప్రశ్నించి, పలుచని సిలికాన్ పలకలను వరుసగా నిలిపి, కణం వాటిని దాటిన చోట్లను కలిపి దాని మార్గాన్ని పట్టే పరికరాన్ని రూపొందించిన ఘనత వారిది. "మనం పని చేస్తాం, ఆవిడ దిక్కులు చూస్తుంది" అని క్యాంటీన్‌లో నలుగురినీ నవ్వించినవాడు ఈ వ్యాసకర్తే. వారి ప్రతి పదోన్నతికీ అందరికన్నా ముందు పూలగుత్తి అందించి, వెనుదిరిగి కళ్లలో నిప్పులు పోసుకున్నదీ అతడే.

2003లో ఆ పరికరం నౌకలో ప్రయాణించింది. వారిచ్చిన పట్టిక ఆధారంగా లెక్క కట్టే ప్రోగ్రాం అతడు రాశాడు. పడమర నుంచి ఎక్కువగా రావలసిన కణాలు తూర్పు నుంచి వస్తున్నట్లు తేలగానే, కొత్త విషయం కనిపెట్టానని పొంగిపోయి, తూర్పు గోడకే కవచం మందం చేయాలంటూ వారికి చెప్పకుండానే పై కమిటీకి నివేదిక పంపేశాడు. మర్నాడు ఉదయం వారు అతని బల్ల దగ్గరకు వచ్చారు.

"నా పట్టికలో 'పడమటి కణాలు' అని ఉంది కదా, ఏమనుకున్నావయ్యా?"

"పడమటికి పోయేవనుకున్నానండీ."

"పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేదా, పడమరకు పోయేదా?"

అతడు పట్టికను దగ్గరకు లాక్కుని ఆ మాటను మళ్లీ చదివాడు.

"సర్లే, అంత మొహం వేలాడేయకు. ఆ మాట నేనే విడమరిచి రాయాల్సింది."

నివేదిక వెనక్కి వచ్చింది. "పట్టికలోని పదం అస్పష్టం, బాధ్యత నాది" అని రాసి వారు సంతకం చేశారు. ఆ ఒక్క వాక్యం వల్ల, వారికి రావలసిన విభాగాధిపతి పదవి మూడేళ్లు ఆగింది. వారి భర్త గారు సైతం "కాస్త చూసుకుని రాసుండాల్సింది" అనేవారట. ఈ వ్యాసకర్త మాత్రం నోరు మెదపలేదు సరికదా, ఆ మూడేళ్లూ లోలోపల సంతోషించాడు.

కమిటీ సభ్యులూ, వారి కుటుంబమూ చదివే ఈ వీడ్కోలు సంచికలోనైనా నిజం చెప్పాలి. ఆ పదం స్పష్టంగానే ఉంది. తప్పుగా చదివింది అతడు. వారి తెలివిని చూసి పడ్డ అసూయ వయసుతో పాటు కొంత తగ్గింది గానీ, ఆ రోజు వారు చేసిన పని తాను ఏనాటికీ చేయలేడన్న అసూయ మాత్రం తగ్గలేదు. వారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, అందులో ఒక్క పూటైనా తనను నోరారా తిట్టాలని మనసారా కోరుకుంటున్నాడు.