కింద వాటా టకటకమ్మ

కింద వాటాలో బట్టలు కుట్టే ఆవిడ మిషను ముందు కూర్చుని ఉంది. పై వాటా ఆమె గౌనుగుడ్డ ఒకటి వంక పెట్టుకుని, రెండున్నరేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని, మొదటిసారి ఆ గుమ్మం తొక్కింది. వచ్చిన అసలు పని వేరే ఉంది గానీ, అది నోటిదాకా రావటం లేదు.

"మడమలు కింద పెట్టమ్మా. అలా మునివేళ్ల మీద నిలబడితే కొలత తప్పుతుంది."

"చిన్నీ, చెప్తుంటే వినపడలేదా? కాళ్లు కింద పెట్టు."

"పెట్టింది. ఆ... మళ్లీ లేచింది."

"అదంతేనండీ. ఉజ్జాయింపుగా తీసేసుకోండి."

"పొడుగు గౌనుకి ఉజ్జాయింపేమిటి? ఈ కొలతకి కుడితే, మడమ దించగానే అంచు నేల ఊడుస్తుంది. కాలికి అడ్డంపడి బోర్లా పడితే నన్నంటారు."

"మేమేం అనం లెండి."

"ఆ బల్ల మీద చాక్‌పీసుంది, కాస్త అందుకోండి. అలాగే ఆ లైటు కూడా వేసి పుణ్యం కట్టుకోండి."

"ఇదిగోండి."

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఏది?"

"ఏదేమిటి, ఈ నడక."

"ఎప్పట్నుంచో... లేదులెండి, ఈ ఇంటికొచ్చాకే. అంతకుముందు నేల అదిరేలా తిరిగేది. మా అమ్మ ఫోన్లో వినేసి, ఏనుగుపిల్ల లేచిందా అనేది."

"డాక్టరుకి చూపించలేకపోయారా?"

"నిన్న వెళ్లొచ్చాం."

"ఏమన్నాడు?"

"లేడీ డాక్టరండీ. ముందు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. నా మొహం అలా ఉందేమో మరి. ముందురోజంతా ఫోన్లో చదువుకుని వెళ్లాను. ఒకచోట నరాల జబ్బంటాడు, ఇంకోచోట కండరాల జబ్బంటాడు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే మా ఆయన ఓడ మీద ఉద్యోగం. ఓడ ఒడ్డుకొస్తే గానీ ఫోను కలవదు. ఇక గోడలకి చెప్పుకోవాలి."

"గోడలకేం, బాగానే వింటాయి. బదులే చెప్పవు. ఆవిడేమందో చెప్పండి."

"పాదం పట్టుకుని పైకి వంచి చూసింది. హాయిగా వంగింది. నడక నేర్చిన కొత్తలో చాలామంది పిల్లలు ఇలా లేస్తారట. రెండేళ్లు దాటి, మూడేళ్లు నిండేసరికి మడమలు వాటంతటవే దిగుతాయంది."

"మరింకేం, కంగారెందుకు?"

"కంగారు పడాల్సినవి కూడా చెప్పిందండీ. మూడేళ్లు దాటినా మానకపోయినా, పిక్క బిగుసుకుపోయి మడమ నేలకి ఆనకపోయినా, ఊరికే తట్టుకుని పడుతున్నా, మాటలు వెనకబడినా, ఒక్క కాలే లేపినా..."

"ఒక్క కాలే లేపినా?"

"ఆ. దీనికి రెండూ సమానమేనండీ."

"రెండూనా. నయం."

"ఏమన్నారు?"

"ఏం లేదు. చెప్పండి, ఇంకేమంది?"

"చదునుగా నడిచిన పిల్ల ఉన్నట్టుండి మునివేళ్ల మీదికి మారినా తీసుకురావాలంది. మాది అదే కదండీ అన్నాను. అప్పుడు దాన్ని బయట వరండాలోకి వదలమంది. వదిలితే తపతపా నడిచేసింది. పార్కులో కూడా అంతే. రోడ్డు మీదా అంతే."

"చదునుగానా?"

"శుభ్రంగా చదునుగా. ఇంట్లోకి వస్తేనే ఇలా."

"ఇక్కడ కూడా ఇలాగే ఉందిగా."

"ఇదీ ఇల్లేగా మరి."

"నా ఇల్లు. మీ ఇల్లు కాదు. ఇక్కడెందుకు లేస్తోంది?"

"అదీ... గౌను ఎప్పటికి అవుతుందండీ?"

"గౌను సంగతి తర్వాత. ఏమ్మా చిన్నీ, నువ్వు చెప్పు. కాళ్లు ఎందుకు పైకి లేపావు?"

"ష్ష్. టకటకమ్మ."

"టకటకమ్మా? ఎవరు తల్లీ ఆవిడ?"

"దానికేం తెలుసండీ, ఏదో వాగుతుంది. చిన్నీ, నోర్మూసుకో."

"పిల్లని కసరకండి. టకటకమ్మ ఎక్కడుంటుందమ్మా?"

"కింద."

"కింద ఏం చేస్తుంది?"

"కొడుతుంది. టక్ టక్. అమ్మకి భయం."

"అయితే నేనన్నమాట."

"ఏమీ అనుకోకండి. మీ కాళ్లు పట్టుకుంటాను, ఏమీ అనుకోకండి."

"కాళ్ల జోలికి వద్దు గానీ, సంగతి చెప్పండి. నేను బూచినెలా అయ్యాను?"

"మేం దిగిన కొత్తలో, ఓ పొద్దున ఇది గది ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకటే పరుగు. నేను కూర తరుగుతున్నా. కింద్నుంచి టక్ టక్‌మని కొట్టారు చూడండి, నా ప్రాణం పోయినంత పనైంది. ఇదివరకటి ఇంట్లో చప్పుడు చేస్తోందనే ఖాళీ చేయించారండీ మమ్మల్ని. ఆయన లేకుండా ఒక్కదాన్నే సామానంతా కట్టుకుని వచ్చాను. మళ్లీ కట్టే ఓపిక నాకు లేదు."

"అందుకని పిల్లకి నన్ను చూపించి భయం పెట్టారు."

"భయం కాదు, ఆటలాగే నేర్పాను. పిల్లిలా నడవాలి, టకటకమ్మకి వినపడకూడదు అని. ఉన్న దుప్పట్లన్నీ నేల మీద పరిచాను. కుర్చీ జరపాలంటే ఎత్తి జరిపేదాన్ని. నిన్న డాక్టరమ్మ, ఇంట్లో ఇంకెవరైనా ఇలా నడుస్తారా అని అడిగింది. ఇంకెవరున్నారండీ, నేనే కదా అన్నాను. చెప్పులు విప్పి తలుపుదాకా నడవమంది."

"నడిచారా?"

"సగం దూరం వెళ్లాక నాకే తెలిసింది. నా మడమలు కూడా గాల్లోనే ఉన్నాయి. అక్కడే ఏడ్చేశానండీ. పిల్లకి జబ్బేమిటో అని ఊరంతా వెతికాను, ఆ జబ్బు నేనే."

"ఊరుకోండి. పిల్ల చూస్తోంది."

"నాలుగు నెలలు ఇంట్లో కాళ్లు చదునుగా పెట్టనిమ్మంది. గంతులెయ్యనిమ్మంది. అప్పటికీ మానకపోతే మళ్లీ తీసుకురమ్మంది. అందుకే వచ్చాను, గౌను కోసం కాదు. రోజుకో గంట ఓర్చుకోండి. ఆ గంట ఎప్పుడో మీరే చెప్పండి. కుదరదంటే మొహమాటపడకుండా చెప్పేయండి, వేరే ఇల్లు చూసుకుంటాను."

"ఆ పొద్దున నేను కొట్టగానే ఇదేం చేసింది?"

"ఇంకా గెంతింది, సిగ్గు లేకుండా."

"అప్పుడు నేనేం చేశాను?"

"మళ్లీ కొట్టారు."

"రెండు గెంతితే రెండు కొట్టాను. మూడు గెంతితే మూడు. కనిపెట్టలేదా?"

"కనిపెట్టే స్థితిలో ఉన్నానా నేను? దాన్ని చంకనేసుకుని మంచం మీద కూలబడ్డాను."

"ఆటండీ అది. పైన బుల్లి కాళ్లు, కింద నా బూజుకర్ర. అది అడిగేది, నేను బదులు చెప్పేదాన్ని. ఎంత నవ్వుకున్నానో ఆ రోజు. మర్నాడు టీ పెట్టుకుని, మిషను ఆపుకుని, బూజుకర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాను. పైన ఒక్క చప్పుడు లేదు. ఆ మర్నాడూ లేదు."

"మరి తర్వాత కూడా కొట్టేవారుగా? నా చేతిలోంచి గిన్నె జారినా టక్‌మనేవారు."

"గిన్నె వినపడితే, అమ్మయ్య, పైన మనుషులున్నారు అనుకుని కొట్టేదాన్ని."

"నేను తిట్టారనుకున్నాను."

"నేను మీరు నన్ను వెలేశారనుకున్నాను. కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాగా. చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లని ఎత్తుకుని, నా గుమ్మం ముందు నుంచి దొంగల్లా పోయేవారు. ఈ కిందావిడకి కనిపిస్తే ఎక్కడ పలకరించాల్సి వస్తుందో అని కాబోలు అనుకున్నా."

"మీకు చప్పుడు కాకూడదని."

"కాలేదమ్మా. బ్రహ్మాండంగా నేర్పావు. ఏ చప్పుడూ కాలేదు నాకు."

"అక్కా... అక్కా అనచ్చా మిమ్మల్ని?"

"అను. టకటకమ్మ కంటే నయమే."

"ఎంత పని చేశాను. ఈ ఇంటికొచ్చాక మా తలుపు తట్టిన మనిషి లేదక్కా. పాలవాడు కూడా ప్యాకెట్టు బయటే పడేసి పోతాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దీనితో తప్ప నోరు విప్పను. అది కూడా గుసగుసగా. మీరు ఒక్కసారి పైకి వచ్చి, ఇది ఆటే అని ఒక్క ముక్క చెప్పి ఉంటే..."

"నాకు పనుంటుంది."

"పట్టుమని పదిహేను మెట్లు లేవు. అంతదూరం బూజుకర్ర ఎత్తే బదులు, వచ్చి తలుపు తట్టి ఉంటే నాకీ ఏడుపు తప్పేది కదక్కా."

"అమ్మాయ్, నా ఒళ్లో ఉన్న ఈ గుడ్డ తీసి అవతల పెట్టు. పెట్టావా? ఇప్పుడు కిందకి చూడు, మిషను దగ్గర. కుడికాలు కాదు, ఎడమది."

"అయ్యో, అక్కా. మడమ నేలకి ఆనటమే లేదు."

"చిన్నప్పుడు ఆ ఒక్క కాలే లేపేదాన్నట. హంసలా నడుస్తోందని మా నాన్న వచ్చినవాళ్లందరికీ నడిపించి చూపించేవాడు. చూపించాల్సినవాళ్లకి చూపించేసరికి పిక్క బిగుసుకుపోయింది. ఇప్పుడు తుంటి కూడా తోడైంది. గోడ పట్టుకుని ఈ గదిలో తిరుగుతాను, అంతే."

"నాకు తెలియదక్కా. నిజంగా తెలియదు."

"ఎలా తెలుస్తుంది, నేనెప్పుడూ మిషను వెనకేగా. చిన్నీ, ఇలా రా. పైకెళ్లి బాగా గెంతు. గంట కాదు, రోజంతా గెంతు. నేనేమీ అనను, బదులు మాత్రం చెప్తాను."

"తలుపు తట్టలేదని నింద వేశాను మీ మీద."

"అదే కదా. తట్టలేదంటావేం? రోజూ తట్టాను. మెట్లెక్కలేనిదాన్ని, నాకు అందే మీ తలుపు ఈ గది కప్పే."