తొట్టిలో దూడ

ఆ… హలో, నేనే. చెప్పు లైల్… తొట్టి గొడవ ఇంకా తెగలేదా?

…నిన్ననే చెప్పాగా. స్నానాల గదిలో దూడని పెట్టుకుంటే మీ అమ్మ ఎక్కడ స్నానం చేస్తుంది? ఎనభై రెండేళ్ళ మనిషి…

…తెలుసు. మైనస్ ముప్పైలో పుట్టింది, కొయ్యబారిపోయింది, వేడినీళ్ళలో పెట్టకపోతే పోయేది. నాకు కొత్తా? పెళ్ళై వచ్చిన ఏడాది ఆ తొట్టిలో రెండున్నాయి. కానీ ఒక్క రోజు పెడతారు. మూడు రోజులు కాదు.

…ఎత్తుకెళ్ళి కొట్టంలో పడుకోబెట్టడానికేం? నలభై కిలోలు. నీకదో బరువా?

…వినిపించలేదు.

…ఏం లేకపోతే ఎందుకలా ఆగి ఆగి మాట్లాడుతున్నావు? …జలుబా. జలుబు నాకుంది. ఈ శాసనసభలో వందమందికీ ఉంది. మూడు వారాలుగా ఒకళ్ళ మీద ఒకళ్ళం తుమ్ముకుంటున్నాం.

…ఏం సాధించామా? సమావేశాలు ఉన్నదే తొంభై రోజులు. అందులో నిన్న గంటన్నర, రాష్ట్రానికి అధికారిక తినుబండారం ఏదవ్వాలని. సగంమంది లేచి వాళ్ళ అమ్మమ్మ వంటల గురించి—

…నవ్వితే మూలుగుతావేంటి?

…లైల్, ఫోను అత్తయ్యకివ్వు. …ఇవ్వమన్నానా.

…అత్తయ్యా, తొట్టి సంగతి తర్వాత. ముందు ఈయనకేమైందో చెప్పండి.

…ఎప్పుడు? …సోమవారం. పెయ్య తన్నిందా. తొలిచూలువి అంతే, కాళ్ళు నిలవవు… ఎన్ని? …మూడు పక్కటెముకలు విరిగాయా.

…మరి అంబులెన్సుని పిలవలేదేం?

…అవును. అది నడిపే లూథర్‌కి కంటి ఆపరేషనయ్యింది. ఇంకో డ్రైవరు… నేనే.

…అంటే తనే ట్రక్కు నడుపుకుంటూ ఆస్పత్రికి వెళ్ళాడా? డెబ్బై మైళ్ళు, ఆ మంచులో? …మన పిల్ల బడిలో ఉందా. పక్కన మీరు కూర్చుని ఏం చేశారు అత్తయ్యా?

…గేర్లు మార్చారా. …సరే.

…లేదు, ఏడవడం లేదు. జలుబన్నాగా. పల్లెల్లో అంబులెన్సు నడిపేవాళ్ళు లేరు, జీతాలిచ్చి పెట్టండని మూడు వారాలుగా ఇక్కడ కనబడినవాడి కాళ్ళావేళ్ళా పడుతున్నా. అక్కడేమో నడపాల్సిన మనిషి లేదు.

…రాత్రిళ్ళు పెయ్యల్ని ఎవరు చూస్తున్నారు మరి? …టెస్సా. పిల్లకి పొద్దున్నే మళ్ళీ బడి. …మీరు కూడానా? లాంతరు పట్టుకోవడం ఒక్కటేనా, నిజం చెప్పండి. …దూడని లాగారు. అనుకున్నా. …ఇంకెన్ని ఈనాలి? …నలభై.

…ఎలా రాను? శుక్రవారం అంబులెన్సు బిల్లు మీద ఓటు. ఒకాయన ఆస్పత్రిలో ఉన్నాడు. మిగిలినవాళ్ళలో మా వైపు యాభై, అటు నలభై తొమ్మిది. నేను లేచి వచ్చేస్తే సమానం. సమానమైతే బిల్లు పోయినట్టే.

…ఒక్క నిమిషం అత్తయ్యా. ఈ అద్దె ఇంట్లో కింది వాటాలో ఉండే ఆయన ఏదో అంటున్నాడు. మన బిల్లుకి ఎదురు ఓటాయన.

—ఏంటి ఓరిన్ గారూ? …వినకుండా ఎలా ఉంటారు లెండి, వంటిల్లు ఒకటే కదా. …మీ ఓటు మానుకుంటారా? శుక్రవారం?

…మీ పార్టీవాళ్ళు ఊరుకోరు. మిమ్మల్ని పీక్కుతింటారు. …మీ ఇష్టం అంటే మీ ఇష్టమే. కానీ బిల్లు మీకు నచ్చలేదన్నారుగా? …ఇప్పటికీ నచ్చలేదా. సరే.

…ఆ మాట రాసి సంతకం కూడానా? చూసుకోండి, కాగితం మీద సూపు చుక్క పడింది.

—అత్తయ్యా, ఉన్నారా? నేను వెళ్తే మా వైపు ఒకటి తగ్గుతుంది కదా, తనూ ఓటు వెయ్యకుండా అటువైపూ ఒకటి తగ్గిస్తాట్ట. అలా జతపడటం ఇక్కడ పాత అలవాటే. …అవతలి మనిషైనా సరే. మాటంటే మాటే.

…ఎందుకా? గొర్రెలు పెంచేవాడు. ఆయన సభకి వచ్చిన మొదటి ఏడు వాళ్ళావిడ ఒక్కతే మంద మొత్తం ఈనించిందట. అంతవరకే చెప్పాడు. అటు తిరిగి గిన్నె కడుక్కుంటున్నాడు.

…టెస్ వచ్చిందా? ఫోను బల్ల మీద పెట్టి అందరికీ వినబడేట్టు నొక్కమనండి.

…ముగ్గురూ ఉన్నారా. వినండి.

రేపు తెల్లారగానే బయలుదేరుతున్నా. పెయ్యలన్నీ ఈనేదాకా ఇంట్లోనే ఉంటా. ఆ తర్వాత మళ్ళీ ఇక్కడికి.

…లేదు లైల్. అడగట్లేదు, చెప్తున్నా.

…నా బదులు పక్క సీటావిడ మాట్లాడుతుంది. ఓట్ల బోర్డు మీద నా పేరు పక్కన పచ్చదీపం వెలగదు, అంతే. …ఈ బిల్లు కోసం రెండేళ్ళు తిరిగానని నాకు తెలీదా?

…కోపం లేదు. ఉంది, కానీ వచ్చాక చూసుకుందాం. నువ్వు నవ్వకుండా పడుకో.

…టెస్, అంబులెన్సు తాళాలు తలుపు పక్క కొక్కేనికే ఉన్నాయా? …ఉండనీ. రేపు మధ్యాహ్నం, బండి చలికి బిగుసుకుపోకుండా ఇంజను హీటరు తగిలించి పెట్టు. లూథర్‌కి ఫోను చేసి, నేనొస్తున్నానని చెప్పు.

…అత్తయ్యా, దూడ లేచి నిలబడుతోందా? …అయితే టెస్ చేత వంటింట్లో పొయ్యి పక్కకి మార్పించండి. తొట్టి కడిగించండి.

…స్నానానికి మీరే ముందు. మీ తర్వాత నేను.

ఉంటా.