శబరి పంపిన కబురు

అధ్యక్ష స్థానంలో ఉన్న వేదపండితులు శ్రీరామమూర్తి గారికి నమస్కారం. ఎండనకా ఇసకనకా అమలాపురం నుంచి ఈ ఓడలరేవు దాకా వచ్చిన పెద్దలకూ, పడవల వాళ్ళకూ, వలల వాళ్ళకూ, పందిరి వెనక నిలబడి ఈయన ఏం వాగుతాడోనని గుండె చిక్కబట్టుకున్న మా ఇంటావిడ నూకాలమ్మకూ దండాలు. (నవ్వులు)

ఇందాక అధ్యక్షులు పంతులుగారు, "ముత్యాలరాజు సరంగుకి గోదావరి కొట్టిన పిండి" అన్నారు. పాతికేళ్ళు సరంగునై పడవ నడిపి ఇవాళ దిగిపోతున్నాను గనక కొంత నిజమే. ఇక్కడ ఉప్పు ఎక్కించుకుని, వైనతేయం పాయలో ఎగువకి గెడలతో తోసుకుంటూ, రాజమహేంద్రవరం దాటి, పాపికొండల ఇరుకులోంచి కూనవరం చేరి, అక్కడ కలిసే శబరిలో మరో రెండు రోజులు అడవిలోకి వెళ్ళి, చింతపండూ వెదుళ్ళూ తెచ్చేవాణ్ణి. శబరి నీళ్ళు ఎంత తేటవంటే, రాళ్ళ మధ్య మేసే శీలావతి చేపల పొలుసులు పడవలోంచి కనిపిస్తాయి. మడుగుల్లో మనిషి పొడుగు వాలుగలు తిరుగుతుంటాయి. అయితే, ఈ పొగడ్త నెత్తికెక్కక ముందే మీకొక సంగతి చెప్పాలి.

నేను సరంగునైన మొదటి ఏడే శబరిలో పడవ ఇసక మేట ఎక్కింది. ఇక్కడైతే మనమేం చేస్తాం? సముద్రం పోటు వస్తుంది, పడవ తేలుతుంది అని లంగరు వేసి, అన్నం తిని పడుకుంటాం. నేనూ అదే చేశాను. (నవ్వులు) ఆగండి, ఇంకా ఉంది. పొద్దున్న చూస్తే నీరు బెత్తెడు పెరగలేదు. పోటు వచ్చే తిథి తప్పు లెక్కేశానేమోనని మళ్ళీ వేళ్ళు మడిచాను. సముద్రానికి ఇరవై ఆమడల దూరాన, అడవి నడుమ, పోటు కోసం మూడు రోజులు కాచుకున్నాను బాబూ! (పెద్దగా నవ్వులు)

నూకరాజు బావా, అలా పొట్ట పట్టుకోకు. నీకు తెలియకూడదనే కదా ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నాను.

మూడో రోజు కొండరెడ్ల పెద్ద లచ్చిరెడ్డి వచ్చి, ఎందుకు కూర్చున్నావని అడిగాడు. పోటు కోసం అన్నాను. ఆయన నవ్వలేదు. "మా యేరు పోవడమే గానీ తిరిగి రావడం ఎరగదయ్యా" అని ఊరినంతా పిలిచి పడవని నీళ్ళలోకి నెట్టించాడు. ఉప్పు ఇవ్వబోతే వద్దన్నాడు. ఒక కబురు మాత్రం మోయమన్నాడు. "వరదకి ఎర్రనీరు దిగితే గుడ్ల చేప కింది నుంచి ఈ మడుగులకి ఎక్కి వస్తది. ఆ రెండు నెలలూ మేం వల ముట్టం. కింద మీవాళ్ళు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వల కడతారంట. నడుమ దారి వదలమని చెప్పు."

చెబుతానని మాటిచ్చాను. చెప్పలేదు. చెబితే, లచ్చిరెడ్డి నీకెలా తెలుసని అందరూ అడుగుతారు. పోటు కథ బయటపడుతుంది. కొత్త సరంగు పరువు గంగలో కలుస్తుంది. తరవాత్తరవాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని చెప్పలేదు. ఏటా నా పడవ చూసి ఆయన గట్టు మీంచి చెయ్యి ఊపేవాడు. చెప్పావా అని ఒక్కనాడూ అడగలేదు. పోయినేడు చూస్తే మడుగులో చేప పల్చబడింది. నాకు సిగ్గుగా ఉందండీ.

బావా, ఈ రేవులో పెద్ద వల నీది. అందరి ముందూ అడుగుతున్నాను. దారి వదులుతావా?

(నూకరాజు లేచి: "ఆయ్, వదిలేత్తాను బావగారండీ! నాలుగు బారల దారి. మిగతా వలలోళ్ళకి నేను చెప్పుకుంటాను. అది సరేగానీ, నిజంగా మూడ్రోజులు కూకున్నారా?" నవ్వులు, చప్పట్లు.)

కూర్చున్నానయ్యా! పంతులుగారూ, దారి వదులుతానన్న మాటకి మీరే సాక్షి.

త్రిమూర్తులూ, ఇన్నాళ్ళూ నా పడవలో గెడ వేశావు, ఇకమీద దానికి సరంగువి నువ్వు. వచ్చే పున్నమికి శబరి వెళ్ళినప్పుడు లచ్చిరెడ్డిని కలిసి, దారి వదిలారని చెప్పు. బాగా ముసలివాడయ్యాడు, గట్టిగా చెప్పు. ఆలస్యం ఎందుకైందని అడిగితే... కాదులే. అది నువ్వు చెప్పే మాట కాదు. పడవలో నాకు కాస్త చోటు ఉంచు. గెడ ముట్టుకోను, నీ పనికి అడ్డం రాను. ఆయన ఎదుట తప్పు ఒప్పుకుని, ఈ చల్లని మాట నేనే చెప్పి వస్తాను.

నన్నింత గౌరవించిన మీ అందరి మేలూ మరవను. నూకాలమ్మా, ఇంకొక్కసారి నా మూట కట్టు. సెలవు.