హెస్టర్ పిన్ని వదులుకున్న ఓటు

ఆ టీవీ కాస్త తగ్గించవే అమ్మాయ్. ఆ ఎన్నికల పటం చూపించి ఒకటే ఊదరగొడుతున్నారు. అధ్యక్షుడు ఎన్నికైపోయినట్టేనా అప్పుడే? మనం నవంబరులో ఎన్నుకునేది ఎలక్టర్లని. వాళ్ళు డిసెంబరులో మన రాజధాని షయాన్‌లో కూచుని కాయితం మీద పేరు రాస్తారు చూడు, అదీ అసలు ఓటు. మన వయోమింగుకి ముగ్గురే, ఇక్కడ గెలిచిన పార్టీ ముందే పేర్లిచ్చినవాళ్ళు. ఓసారి అందులో ఒకరు మా హెస్టర్ పిన్ని. ఎలాగంటావా? ముప్పయ్యేళ్ళు పార్టీ మీటింగులకి కాఫీ కాచింది, కవర్లు అంటించింది. ఆ ఏడు మే నెలలో, 'ఈసారి హెస్టర్‌కి ఇద్దాం' అన్నారు పెద్దలు. ఆవిడ సంబరం చూడాలి! నీలం టోపీ కొంది, దానికో ఈక... సరే, అదలా ఉంచు.

అక్టోబరులో బాబాయి పోయాడు. ఊరి పోస్టుమాస్టరు ఆయన. ఆ ఉద్యోగం పిన్నికిచ్చారు. తంటా అక్కడే వచ్చింది, ఎవరికీ తట్టలేదంతే. నవంబరులో ఇక్కడ పిన్ని పార్టీయే గెలిచింది. డిసెంబరులో షయాన్‌కి మంచులో నూట యాభై మైళ్ళు నేనే ట్రక్కులో తీసుకెళ్ళాను. నాది ఎదటి పార్టీ. దారంతా పోట్లాటే. 'నువ్వు ఓటేసినవాణ్ణి మా గొర్రెలు కూడా నమ్మవురా' అనేది.

హాల్లో గుమాస్తా నిబంధన చదివాడు: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ఎలక్టర్లుగా పనికిరారు. పిన్ని లేచి, 'బాబూ, మా ఊరి పోస్టాఫీసు నాదే' అంది. ఆయన తల గోక్కుని, 'ఇక్కడే రాజీనామా రాసిచ్చెయ్యండమ్మా, సరిపోతుంది' అన్నాడు. 'నేను మానేస్తే ఆఫీసు ఎత్తేస్తారు. డాల్‌గ్రెన్ వాళ్ళ పిల్లకి మందు టపాలోనే వస్తోంది, తెలుసా?' అని ఆ కుర్చీ వదిలి వచ్చేసింది. ఖాళీ అయిన చోట ఎవర్ని పెట్టాలో మిగతా ఇద్దరే తేల్చాలిట. 'మీరే చెప్పండి హెస్టర్' అన్నారు. ఆవిడ నాకేసి వేలు చూపించింది!

'ఆర్విడా? వాడు అవతలి పార్టీవాడు కదా!' అన్నాడు ఆ ఇద్దరిలో ఒకాయన, నా పేరెత్తి.

'అవును. నాతో పోట్లాడతాడు గానీ నన్ను మోసం చెయ్యడు.'

కలం నా చేతికొచ్చింది. ఏ పేరు రాసినా ఆపే చట్టం లేదని గుమాస్తాయే గొణిగాడు. నవంబరులో నేను ఓటేసినాయన పేరు వేళ్ళ దాకా వచ్చిందే అమ్మాయ్. పిన్ని వెనక బెంచీ మీద కూచుని కిటికీకేసి చూస్తోంది. నాకేసి ఒక్కసారైనా చూస్తేనా!

రాశాను. ఆవిడ పార్టీ మనిషి పేరే.

ట్రక్కెక్కాక, 'ఒరేయ్, అక్షరాలు కుదురుగా రాశావా?' అంది. 'రాశాను పిన్నీ' అన్నా. ఇంటిదాకా ఇంక పోట్లాడలేదు మేం.

...ఆ తలుపు వెయ్యవే, చలి కొడుతోంది.